పదకొండో బటన్

"మీ రోబోకి నిన్న ఎడమ భుజం మీద గీత ఉంది. ఇవాళ కుడి భుజం మీదికి ఎలా వచ్చిందండీ?"

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది. పలకరింపు లేదు, పాడు లేదు.

"రోబో నడుస్తుంది కదండీ. గీత కూడా నడిచి ఉంటుంది," అన్నాను.

ఆమె నవ్వలేదు. నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

మాది టీవీకి తీసే అంతరిక్షనౌక సీరియల్. ఆమెది కంటిన్యుటీ. ఒక షాట్‌లో కప్పు కుడిచేతిలో ఉంటే తర్వాతి షాట్‌లోనూ కుడిచేతిలోనే ఉండేలా కాపలా కాసే ఉద్యోగం. అందరూ ఆమెని డేగ అంటారు, ఆమె ఎదురుగా లేనప్పుడు. నేను సామాన్ల విభాగం. నౌకలో బటన్ల కింద లేబుళ్లు రాసి అతికించేది నేనే. ఎలాగూ ఎవరూ చదవరు కదా అని తోచింది రాసేవాణ్ణి. "పాలు పొంగితే నొక్కవద్దు." "అత్తగారు వస్తే రెండుసార్లు నొక్కండి."

ఒకరోజు ఆమె సెట్టు ఫొటోలు తీస్తూ ఆ అత్తగారి బటన్ దగ్గర ఆగి నవ్వింది. చిన్న నవ్వే. నా పని అయిపోయింది. అప్పట్నుంచి కొత్త సెట్టు వేసినప్పుడల్లా లేబుళ్లన్నీ ఆమె ఒక్కదాని కోసమే రాశాను. ఆమె చదివేది, నవ్వేది, నాతో మాత్రం గీతల గురించే మాట్లాడేది.

అంతలో తేలికపాటి ఎపిసోడ్ వచ్చింది. యుద్ధాల్లేవు, పేలుళ్లు లేవు, ముందు కథతో సంబంధం లేదు. నౌక వంటగది తలుపు బిగుసుకుపోతుంది. కెప్టెన్, డాక్టరు, వంటవాడు, రోబో నలుగురూ లోపల ఇరుక్కుని అరగంట పోట్లాడుకుంటారు. అంతే. ఐదు రోజుల షూటింగ్, ఒకటే గది, తలుపు పక్కన నా బటన్లు.

రెండో రోజు మధ్యాహ్నం నాకు ధైర్యం వచ్చింది. అదే నా ఖర్మ. పదకొండో బటన్ కింద పాల లేబుల్ పీకేసి కొత్తది అతికించాను. "రేపు నాతో కాఫీకి వస్తారా?" పసుపు కాగితం అయిపోయింది, తెల్లదాని మీద రాశాను. సాయంత్రం ఫొటోలు తీసేటప్పుడు ఆమె చూస్తుంది, ఎవరూ చూడకముందే నేను పాతది పెట్టేస్తాను. అదీ నా పథకం.

ఆమె రాలేదు. మధ్యాహ్నమే వాళ్లమ్మగారిని కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లిందట. ఈలోగా డైరెక్టర్‌గారు ఆ గోడ ముందే మూడు షాట్లు తీసేశారు. మూడింట్లోనూ పసుపు లేబుళ్ల మధ్య తెల్లది ఒక్కటి. ఆ షాట్లు మానిటర్‌లో చూసేసరికి కాఫీ సంగతే మర్చిపోయాను.

కారణం ఉంది. పోయిన వారమే మేనేజర్ అందరి ముందూ ఆమెతో అన్నాడు, "ఇంకొక్క తప్పు దొరికితే వేరే మనిషిని చూసుకుంటాం" అని. ఇప్పుడు లేబుల్ మారిస్తే ఇవాళ్టి షాట్లతో కలవదు. మార్చకపోతే నిన్నటి షాట్లతో కలవదు. ఎలా చూసినా ఎడిటింగ్‌లో బయటపడుతుంది, ఆమె పేరు మీద పడుతుంది.

మూడో రోజు పొద్దున ఆమె వచ్చింది. ఇంకా గోడ వైపు చూడలేదు. అప్పుడే డైరెక్టర్‌గారికి బుద్ధి పుట్టింది.

"బాబాయ్, తలుపు తెరిచే బటన్ క్లోజప్ కావాలి. పదకొండోది."

కెమెరా బాబాయ్ లెన్సు మార్చుకుంటున్నాడు. నోరు మూసుకుంటే ఆమె ఉద్యోగం, తెరిస్తే నా పరువు. పోతే పోనీ అనుకున్నాను.

"సార్, ఆ లేబుల్ నేను మార్చాను. నిన్న మధ్యాహ్నం. ఆవిడకి తెలీదు. తప్పు నాది."

"ఎందుకు మార్చావ్?"

బాబాయ్ లెన్సులోంచి చూసి తీరిగ్గా పైకి చదివాడు. చదివి, "ఒరే అబ్బాయ్, నన్నేనా?" అన్నాడు.

సెట్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. మొహం ఎర్రగా అయింది. అది కోపమో సిగ్గో నాకు అంతు పట్టలేదు.

"నా ఉద్యోగం ఊడేదని తెలుసా మీకు?" అంది నెమ్మదిగా.

"తెలుసండి. తెలిసినప్పట్నుంచీ నిద్ర లేదు."

ఆమె నోట్‌బుక్ తెరిచి రాసింది. "బటన్ పదకొండు. మార్చింది సామాన్ల విభాగం." నన్ను కింద సంతకం పెట్టమంది. పెట్టాను. మేనేజర్ ఆ పేజీ చూసి, నన్ను రెండు తిట్లు తిట్టి, ఆమెని ఏమీ అనలేదు. అది చాలు నాకు. పాత లేబుల్ పెట్టి మూడు షాట్లూ మళ్లీ తీశారు. గంటన్నర ఆలస్యం. వంటవాడి వేషగాడు మేకప్ కరిగిపోతోందని నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

ప్యాకప్ అయ్యాక తెల్ల కాగితం ఉండ చుట్టబోతుంటే ఆమె వచ్చింది.

"అది ఇటివ్వండి. రికార్డులో ఉండాలి."

ఇచ్చాను. నోట్‌బుక్‌లో జాగ్రత్తగా అతికించి, వేలితో నాలుగు మూలలూ నొక్కింది.

"క్షమించండి," అన్నాను. "ఇంకెప్పుడూ అడగను."

"నిన్న మీరు ఆకుపచ్చ చొక్కాలో ఉన్నారు. పైజేబు కింద సిరా మరక. ఎడమచేతి గుండీ ఊడింది."

"మీరు నిన్న మధ్యాహ్నం లేరు కదండీ?"

"పొద్దున ఉన్నాను. నా పని చూడడమే కదా." తల ఎత్తకుండా నోట్‌బుక్ మూసింది. "రేపు ఐదున్నరకి, గేటు ఎదురు కాఫీ కొట్టు. అదే చొక్కాతో రండి."

"అదే ఎందుకండీ?"

"అడిగినప్పుడు ఎలా ఉన్నారో, జవాబు వినేటప్పుడూ అలాగే ఉండాలి. లేకపోతే కలవదు."

"ఆ మరక రాత్రే ఉతికేశానండీ. పోయింది."

"అది మీరు చూసుకోండి," అంది. ఈసారి నవ్వింది, నా మొహం చూస్తూనే.

ఇంటికెళ్లి చొక్కా మంచం మీద పరిచాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పెన్ను మూత తీసి, పైజేబు కింద, సరిగ్గా అదే చోట, సిరా పోశాను.