కోటానీరు

వన్నూరమ్మ కుడిచేయి స్టీరింగు మీదే ఉంచి, ఎడమచేత్తో వేడిముల్లు అద్దం మీది దుమ్ము తుడిచింది. ముల్లు తొంభై దాటింది. బయట యాభై మూడు డిగ్రీలు. బ్యాటరీ బండ్లు ఈ పగటి ఎండకు ఉబ్బి ఆగిపోతుంటే, గుత్తి దారిలో తిరిగే వైద్యరథాలకు మళ్లీ చమురు ఇంజన్లే బిగించారు.

వెనక మంచం మీద హుస్సేనమ్మ ఒంటిమీద స్పృహ లేకుండా పడుంది. సౌరపలకలు తుడుస్తూ వడదెబ్బకు కూలిపోయింది. ఆమె తమ్ముడు కుళ్లాయప్ప తడిగుడ్డలు మారుస్తున్నాడు. లోపలికి చల్లగాలి వస్తున్నంతసేపూ ఆమె ఒంటి వేడి నలభై ఒక డిగ్రీల దగ్గరే నిలిచింది.

ఉన్నట్టుండి ముల్లు ఎగబాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. వన్నూరమ్మ బండి పక్కకు తీసి ఇంజను ఆపింది. చల్లగాలీ ఆగింది.

రబ్బరు గొట్టం పగిలి, ఇంజనును చల్లబరిచే ద్రవమంతా రోడ్డు పాలైంది. ఆమె పగులు మీద పట్టీ బిగించి చుట్టింది. ఇంజను కాస్త చల్లారేదాకా ఆగి, రేడియేటరు మూత మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పింది. లోపల ఖాళీ.

"రక్షకబండి రెండు గంటల్లో చేరుతుంది," అంది దారివాణి. ఆ చుట్టుపక్కల దారుల్లో తిరిగే వైద్యరథాలన్నిటినీ అజమాయిషీ చేసే యంత్రపు గొంతు అది. "అక్కడే వేచి ఉండండి."

కుళ్లాయప్ప కిందికి దిగాడు. "అక్కా, ఆ డబ్బాలో చల్లమందు ఉండాదే, అది పోస్తే సరిపోదా?"

"అదొక్కటే పనికిరాదప్పా. చిక్కగా ఉంటాది, నీళ్లంత వేడి మోయలేదు."

"మా సంచిలో శనగనూనె ఉండాది."

"నూనె ఇంకా తక్కువ. నీళ్లు మోసే వేడిలో సగం మోస్తే గొప్ప. వేడిని మోసేది నీళ్లే. కాకపోతే ఒట్టి నీళ్లు తొందరగా మరుగుతాయి, ఇనుముకు తుప్పు పట్టిస్తాయి. ఈ మందు కలిస్తే మరిగేది ఆలస్యమైతాది, తుప్పూ ఆగుతాది. సగం సగం ఉండాల."

ఇద్దరూ కోటాపెట్టె వైపు చూశారు. ఒక్కో రోగికి ఇంతని కేటాయించిన శుద్ధి చేసిన నీళ్లు అందులోనే ఉన్నాయి. రోగి చేతిపట్టీ చూపిస్తేనే అది తెరుచుకుంటుంది.

"కోటానీరు మనుషులకు మాత్రమే," అంది దారివాణి. "యంత్రానికి వాడితే చోదకురాలి అనుమతి రద్దవుతుంది."

వన్నూరమ్మ కుళ్లాయప్ప ముఖంలోకి చూసింది. "ఇవి ఇంజనుకు పోస్తే గుడ్డలు తడపడానికి ఏమీ మిగలవు. పోయకపోతే బండి కదలదు. మీ అక్క రెండు గంటలు ఓర్చుకోలేదు. ఏమంటావు?"

అతడు బండిలోకి తొంగిచూశాడు. అక్క పెదాలు ఎండి చీలిపోయాయి. "పోసెయ్ అక్కా. అనుమతి పోయేది నీకే కదా, అదొక్కటే నాకు బాధ."

వన్నూరమ్మ హుస్సేనమ్మ చేతిపట్టీని పెట్టెకు తాకించింది. నీళ్లలో చల్లమందు కలిపి, కాలిన ఇంజను పగలకుండా కొంచెం కొంచెంగా పోసింది.

"నీరు ఇంజనులోకి వెళ్తోంది," అంది దారివాణి.

"అవును. ఆ ఇంజను ఆగితే నీ రోగి దక్కదు."

వన్నూరమ్మ మూత బిగించి, ఎక్కి తాళం తిప్పింది.

ఇంజను అందుకుంది. ముల్లు మెల్లగా ఎక్కి, తొంభై దాటాక నిలిచింది. కాసేపటికే చల్లగాలి మళ్లీ వచ్చింది. కుళ్లాయప్ప అక్క నుదుటిమీద చెయ్యి పెట్టి, దారి పొడవునా తీయలేదు.

ఆసుపత్రిలో హుస్సేనమ్మను చల్లతొట్టిలో పడుకోబెట్టారు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి, "ఇంకా రెండు వరసల పలకలు మిగిలిపోయినాయిరా," అంది. కుళ్లాయప్ప మళ్లీ ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

వన్నూరమ్మ వచ్చి బండిలో కూర్చుంది. అనుమతి రద్దు మాట కోసం ఎదురుచూసింది.

"ఇంజనుకు ఇచ్చిన నీరు," అంది దారివాణి, "ఏ పద్దులో చేర్చాలో నాకు తెలియడం లేదు."

"రోగికిచ్చినట్టే రాసుకో."

కాసేపటి తర్వాత రేడియోలో పత్తికొండ దారి బండి తోలే సుంకన్న గొంతు వినిపించింది. "అక్కా, మా కోటాపెట్టె దానంతటదే తెరుచుకునింది. పట్టీ కూడా చూపించలేదు. ఇంజనుకు పోసినా రోగికిచ్చినట్టేనని దారివాణి అంటాంది, నీ బండి పేరు చెప్పి. ఏం చేసినావు నువ్వు?"

ఆమె జవాబు చెప్పేలోపే మరో బండి నుంచి అదే మాట వినిపించింది. ఆ వెనకే ఇంకొకటి.