నీళ్లలోకి దిగని క్లెమ్

"దిగుతావా, బట్టలకు కాపలా కాస్తావా?" నడుంలోతు నీళ్లలో నిలబడి అడిగింది టామ్సిన్.

"ఇప్పుడే కదా తిన్నా. కాసేపాగి దిగుతా," అన్నాడు క్లెమ్, బండమీద నుంచి కదలకుండా.

అది రెండో జలపాతం. మొదటిదాని దగ్గర తలనొప్పన్నాడు. తెల్లారకముందే ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్ నగరంలో బయల్దేరి, మనిషెత్తు చెదపుట్టల మధ్య నుంచి కారు నడుపుకుంటూ నేషనల్ పార్కుకు వచ్చింది ఈ సంబడానికా?

అసలు సంగతేమిటంటే, క్లెమ్‌కు ఈత రాదు. ఓపల్ అనే రత్నాలు తవ్వే ఎడారి ఊళ్లో పెరిగాడు పాపం, అక్కడ స్నానానికి నీళ్లే ట్యాంకరులో వచ్చేవి. టామ్సిన్ ఉద్యోగం చూస్తే చిన్నపిల్లలకు ఈత నేర్పడం. ఆ మాట తెలిసిన రోజునే "నాకూ ఈతంటే ప్రాణం" అని కోతలు కోశాడు.

పొద్దున కారులో ఆమె, "కెయిర్న్స్‌లో పెద్ద ఉద్యోగమిస్తారట. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి," అని అతని మొహంలోకి చూసింది. కెయిర్న్స్ అంటే రెండు రోజుల దారి. వెళ్లొద్దనబోయి, క్లెమ్ చెదపుట్టల వైపు చూపు తిప్పుకున్నాడు.

మూడో జలపాతం దగ్గర జనం లేరు. సన్నటి తుంపర ఎండలో తేలుతోంది. పచ్చటి మడుగులో టామ్సిన్ కళ్లు మూసుకుని వెల్లకిలా తేలుతుంటే, నీళ్లు ఆమె జుట్టును నెమ్మదిగా విప్పుతున్నాయి. చూస్తూ చూస్తూ క్లెమ్ తానెక్కడున్నాడో మరిచిపోయాడు. లోకమంతా ఆ మడుగంతే అయిపోయింది.

ఆమె ఒడ్డుకు వచ్చింది. "ఇక్కడేం సాకు?"

"దోమలు..."

"నీళ్లలో దోమలా?" ఈసారి ఆమె నవ్వలేదు. "నా పక్కన ఉండటం ఇష్టం లేకపోతే పొద్దున్నే చెప్పాల్సింది, క్లెమ్. నువ్వు ఉండమంటే ఉండిపోదామనుకుని వచ్చాను. బుద్ధి తక్కువై."

తువ్వాలు అందుకుంది. క్లెమ్ గబుక్కున లేచి నిలబడ్డాడు.

"నాకు ఈత రాదు."

"ఏంటి?"

"రాదు. బకెట్టు నీళ్లు దాటి ఎరగను. నీ దగ్గర లోకువైపోతానని అబద్ధమాడా. అలాంటివాణ్ని, నిన్ను వెళ్లొద్దని ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా అడుగుతున్నా. వెళ్లొద్దు. నువ్వు లేని ఊళ్లో నేనుండలేను."

టామ్సిన్ తువ్వాలు బండమీద పడేసి చెయ్యి చాచింది.

"మా క్లాసులో నాలుగేళ్ల పిల్లలు కూడా మొదటిరోజే చెప్పేస్తారయ్యా, భయమేస్తోందని."

"వాళ్లే నయం."

"నయమే. చొక్కా విప్పి రా."

మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. కాళ్లకింద నేల అందకపోయేసరికి క్లెమ్ ఆమె మెడను వాటేసుకున్నాడు.

"కొంచెం వదులుగా. నాకు ఊపిరాడాలి."

"నన్ను వదిలేస్తావా?"

"నేర్చుకునేదాకా వదలను. నీ వాలకం చూస్తే ఏళ్లు పట్టేలా ఉంది," అంది అతని చెవి దగ్గర. "కెయిర్న్స్ వాళ్లకి రానని చెప్పాలి. గుర్తుచెయ్యి."

"ఇప్పుడే పోయి చెప్పేద్దాం, పద."

"ముందు కాళ్లాడించు," అంది టామ్సిన్.