కోసేసిన ఏడు సెకన్లు

ఆదివారం మధ్యాహ్నం. వీధిలో ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది. నాలుగో అంతస్తులో ఆ గదిలో మాత్రం చీకటి. కిటికీకి రెండు దుప్పట్లు, వాటి వెనక నిలబెట్టిన పరుపు, గోడలకి పైనుంచి కిందదాకా స్పాంజి పలకలు. బయటి చప్పుడు లోపలికి రాకూడదు, లోపలిది బయటికి పోకూడదు. ఏళ్ల తరబడి పాత టేపులు పేర్చిన చోటు కాబట్టి పులిసిపోయిన పుల్లటి వాసన ఒకటి ఆ గదిని వదల్లేదు. టేపులు పోయాయి గానీ వాసన పోలేదు.

అది టేపులాయన గది.

టేపులాయన అంటే మామూలు మనిషనుకునేరు. ముప్పై ఏళ్లు కచేరీలు రికార్డు చేసిన చెయ్యి అది. ఇక ఆ చెవుల సంగతి ఏం చెప్పమంటారు! పక్క వీధిలో టైలరు చేతిలోంచి సూది జారిపడితే, అది ఎన్నో నంబరు సూదో ఇక్కడ కూర్చుని చెప్పేవాడు. ఓసారి నాలుగు వేలమంది కిక్కిరిసిన హాల్లో యంత్రం ఆపేసి, "పదిహేడో వరసలో ఎవరికో పిక్క పట్టేసింది, ముందు ఆయన్ని బయటికి తీసుకెళ్లండి" అని కేకేశాడు. వెళ్లి చూస్తే నిజమే, పాపం ఒకాయన కాలు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. నమ్మనివాళ్ల ఖర్మ.

ఆ చెవులకి తగ్గ కోపం కూడా ఉండేది. ఆ పూట ఆ కోపమంతా కొత్త కంప్యూటరు మీద. పాతది కన్ను మూసింది. పాతదాంట్లో పదిహేనేళ్లు నమ్మకంగా పనిచేసిన పాటల ప్లేయరు కొత్తదాంట్లో ఎక్కనంటోంది. ఎనిమిది వేల ఆరువందల నలభై పాటలు. ప్రతి ఫైలుకీ తన చేత్తో పేరు పెట్టాడు, తేదీ వేశాడు. వాటిని వినిపించడానికి ఒక ప్లేయరు కావాలి. ఆయన కోరింది గొంతెమ్మ కోరికేం కాదు. నా ఫోల్డర్లు నేను పెట్టిన వరసలోనే ఉండాలి, నా ఫైళ్ల మీద చెయ్యి వేయకూడదు, ఇంటర్నెట్టులోంచి చెత్త మోసుకురాకూడదు.

పొద్దున ఎక్కించిన మొదటి ప్లేయరు మోసుకొచ్చింది. వయొలిన్ కచేరీకి ఎవరో జుట్టు విరబోసుకున్న కుర్రాడి బొమ్మ అట్టగా తగిలించింది. "నీ మొహం మండా! ఆ విద్వాంసుడికి డెబ్బై ఏళ్లు, బట్టతల!" అని దాన్ని పీకేశాడు. రెండోది పాటలన్నింటినీ అక్షరాల వరసలో కలగాపులగం చేసి, ముప్పై ఏళ్ల కాలాన్ని పేకముక్కల్లా కలిపేసింది. ఆయన తిట్టిన తిట్లకి కింది అంతస్తులో కుక్క మంచం కిందికి దూరిందని చెప్పుకుంటారు.

అసలు అంత మంట దేనికంటే, మూడు గంటలకి మరదలు వస్తానంది.

తమ్ముడు పోయి ఏడాది. ఆయనకి తమ్ముడు ఎప్పుడూ 'చిన్నోడే'. ముప్పై ఏళ్లు ఇద్దరూ కలిసే పనిచేశారు. అన్న యంత్రం దగ్గర కూర్చునేవాడు. చిన్నోడు మైకు ముందు నిలబడి, పాట మొదలయ్యే ముందు నాలుగు ముక్కలు చెప్పేవాడు: నంబరెంత, ఏ రోజు, ఏ హాలు, ఎవరి గొంతు. తర్వాత ఏ టేపు ఏదో తెలియడానికి చేసే ఏర్పాటు అది, అంతకంటే ఏమీ లేదు. సరిగ్గా ఏడు సెకన్లు. కానీ ఆ ఏడు సెకన్లలో ఎంత హాయి ఉండేదంటే, రానురాను జనం పాట కంటే ముందు ఆ గొంతు కోసమే చెవులు రిక్కించేవాళ్లు. ఓసారి ఒక సభలో చిన్నోణ్ణి వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టారు. అన్నని చూసి, "మీరు కూడా ఆయనతోనే వచ్చారాండీ?" అని అడిగారు.

అంతే. టేపుల్ని కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ప్రతి ఫైలు మొదట్లో ఉన్న ఆ ఏడు సెకన్లూ కోసి పారేశాడు. ఎనిమిది వేల ఆరువందల నలభై సార్లు. రెండేళ్లు పట్టింది. టేపుల్ని పాతసామాన్ల బండికి ఎత్తేశాడు. ఒకసారి చిన్నోడు వచ్చి ఈ గదిలోనే కూర్చుని పది పాటలు విన్నాడు. లేచి, "అన్నయ్యా, నా గొంతు ఎక్కడ పెట్టావ్?" అని మెల్లగా అడిగాడు.

"పాటకి అడ్డం. తీసేశాను."

మళ్లీ రాలేదు. పోయాడనే కబురే వచ్చింది.

మొన్న మరదలు ఫోను చేసింది. "ఇంట్లో ఫొటోలు ఉన్నాయి బావగారూ, గొంతే లేదు. మీ దగ్గర అన్నీ ఉన్నాయిగా. ఒక్కసారి వినిపించండి." ఈయనేమో అలవాటు కొద్దీ, "ఉన్నాయా ఏంటి, పూస గుచ్చినట్టు ఉన్నాయి! రా!" అనేశాడు.

ఇప్పుడేం చెయ్యాలి? తప్పు తోయడానికి ఒకళ్లు కావాలి. వెతగ్గా వెతగ్గా మూడో ప్లేయరు దొరికింది. బొమ్మలు లేవు, రంగులు లేవు, బూడిదరంగు జాబితా ఒక్కటే. దాని గుణాల్లో ఒకటి చూసి ఆయన మొహం వెలిగింది: పాట మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని అదే దాటేస్తుందట. "దొరికావురా! చిన్నోడి మాటలు మింగింది నువ్వే. నేను కాదు," అని దానితోనే చెప్పి ఎక్కించాడు.

అది ఫోల్డర్లు లెక్కపెట్టడం మొదలెట్టింది. అడుగున అంకెలు గిరగిరా తిరిగాయి. ఎనిమిది వేల ఆరువందల నలభై. అక్కడ ఆగాలి.

ఆగలేదు.

ఎనిమిది వేల ఆరువందల నలభై ఒకటి... రెండు... మూడు...

"లెక్కలు రాని వెధవా!" అని బల్ల మీద గుద్దాడు. జాబితా కిందికి జరిపి చూశాడు. పాటల తర్వాత పేరు లేని వరసలు. ఒకదాని కింద ఒకటి, ఒకదాని కింద ఒకటి. ప్రతిదాని నిడివీ ఏడు సెకన్లు. ఫోల్డరు తెరిచాడు. అందులో అవి లేవు. మళ్లీ ప్లేయరు చూశాడు. ఉన్నాయి.

ఒకదాని మీద నొక్కాడు.

టేపు బుస... ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత ఆ గొంతు.

"నంబరు రెండు వందల పన్నెండు. శుక్రవారం. పెద్ద హాలు. ఇదీ కోశావు, అన్నయ్యా."

ఇంకోటి నొక్కాడు.

"నంబరు మూడు వందల తొమ్మిది. ఆదివారం. ఇదీ కోశావు."

ఆ గొంతులో ఇప్పుడు హాయి లేదు. పళ్ల మధ్య నుంచి వస్తోంది. ఎప్పుడూ కోపమెరగని మనిషి గొంతులో కోపం ఎలా ఉంటుందో ఆయన అప్పుడే విన్నాడు. ప్లేయరుని పీకేద్దామని మౌసు పట్టుకున్నాడు.

తలుపు కొట్టారు.

మరదలు. నాలుగు అంతస్తులెక్కి రొప్పుతోంది. "ఇన్ని మెట్లు కట్టించినవాడు ఒక్కసారైనా ఎక్కి ఉండడు బావగారూ. ఇదేంటీ, ఈ చీకట్లో ఎలా బతుకుతున్నారు? గుహలో ఎలుగుబంటిలా!"

"వెలుతురుతో నాకేం పనమ్మాయ్, చెవులున్నాయిగా," అన్నాడు. ఆమెకి కుర్చీ లాగాడు. "ఒక చిన్న చిక్కొచ్చిపడింది. ఈ కొత్త ప్లేయరుకో మాయరోగం. మొదట్లో మాటలుంటే నిశ్శబ్దమనుకుని మింగేస్తుంది. చిన్నోడి మాటలన్నీ..."

"మింగేస్తుంటే మీరు చూస్తూ కూర్చున్నారా? మీరా?" ఆమె కళ్లు ఆయన మొహం మీదే ఉన్నాయి. "మీ టేపు మీద ఈగ వాలితే ఈగని కోర్టుకి లాగే మనిషి మీరు."

ఆయన మౌసు కదిపాడు. కదపాలని కాదు... కదిలింది. పేరు లేని వరసల్లో ఒకటి నల్లబడింది.

"నంబరు పదకొండు. బుధవారం. చిన్న హాలు. వేణువు."

పాత గొంతు. మంచి గొంతు. ఇంకే మాటా లేదు. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకటి తర్వాత ఒకటి, ఆగకుండా. నంబరు పన్నెండు. నంబరు పదమూడు. ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. "చూడండి బావగారూ, 'బుధవారం' అనేటప్పుడు ఎలా సాగదీస్తారో... ఇంట్లోనూ అంతే."

టేపులాయన మెడ వెనక చెమట కారుతోంది. అయినా చూడండి ఆ మనిషి గుండె! మెల్లగా ఛాతీ విరుచుకుని, "మరి ఊరికే వచ్చాయనుకున్నావా? పొద్దుట్నుంచి తిండీ నీళ్లూ లేకుండా ఈ ప్లేయరు పొట్ట చీల్చి ఒక్కొక్కటీ బయటికి లాగాను. ఇంకొకడి తరమా ఇది?" అన్నాడు.

జాబితా ఆఖరి వరస దానంతటదే మొదలైంది.

"ఆదివారం. మధ్యాహ్నం మూడూ పది. అన్నయ్య గది. గొంతు అన్నయ్యది."

తర్వాత బుస. ఎవరి మాటా లేదు. ఎదురుచూస్తున్నట్టు... బుస.

గోడ గడియారం సరిగ్గా మూడూ పది.

"ఇదేంటి బావగారూ? ఇది ఏ ఆదివారం?"

"ఎప్పటిదో పాతది." ఆయన ఆపేశాడు. రెండోసారి నొక్కితే గానీ ఆగలేదు.

మరదలు కళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఆఖరి రోజుల్లో ఆయన ఒకటే అడిగేవారు. అన్నయ్య నా మాటలన్నీ తీసేశాడా అని. 'ఛ, మీ అన్నయ్య అలాంటి పని చేస్తారా' అని నేను ఒట్టేసి మరీ చెప్పాను. నా ఒట్టు నిజమేగా?"

చెప్పడానికి అదే సమయం. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"నిజమే. నేను ముట్టుకోలేదు."

స్పీకర్లలో చిటుక్కుమని ఒక్క చప్పుడు. అంతే.

"అయితే ఇవన్నీ నా ఫోనులోకి ఎక్కించండి. ఆ ఆఖరిది కూడా."

"ఆఖరిదాంట్లో ఏముందమ్మాయ్, ఉత్త బుస."

"ఆయన ఊపిరి ఉందిగా."

ఎక్కించాడు. ఆమె దండం పెట్టి దిగి వెళ్లిపోయింది. మూడూ ఇరవై అయింది.

తలుపు గడియ వేసి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఇక దీన్ని నామరూపాల్లేకుండా చెయ్యాలి. ప్లేయరు వైపు తిరిగాడు. ఆఖరి వరస పక్కన నిడివి చూశాడు. ఏడు సెకన్లు కాదు.

నలభై ఒక్క నిమిషాలు.

నొక్కాడు. చిన్నోడి ప్రకటన. బుస. తర్వాత ఇంకో గొంతు, గది అదిరేలా.

"నేనే కోశాను! వింటున్నావా? ఒక్కొక్కటీ నా చేత్తో కోశాను! వాడికి చప్పట్లు కొడతారా? నాలుగు ముక్కలు వాగేవాడికి! నా పని మీద, నా యంత్రం మీద, వాడికి చప్పట్లా!"

తన గొంతే. తన కోపమే. కానీ ఆ మాటలు తనెప్పుడూ పైకి అనలేదు. ఎవరితోనూ. నిద్రలో కూడా... ఆపాలని నొక్కాడు. ఆగలేదు. తీగ పీకాడు. తెర ఆరిపోయింది. గొంతు ఇంకో నాలుగు మాటలు అరిచి, అప్పుడు ఆగింది.

ఎంతసేపలా నిలబడ్డాడో తెలియదు. ఫోను మోగింది. మరదలు.

"విన్నాను బావగారూ." ఆమె గొంతు మంచులా ఉంది. "చచ్చిపోయే మనిషికి నా చేత అబద్ధపు ఒట్టు వేయించారు. ఆయన మాటలు తీసేసినందుకు కాదు, దీనికి... దీనికి మీ మొహం మళ్లీ చూడను."

"అమ్మాయ్, అది నేను అన్నది కాదు..."

"మీ గొంతు నాకు తెలీదా? ఊరుకోండి. ఒక్కటి చెప్పండి, ఫోను పెట్టేస్తాను. మీ కేకలు వినలేక ముందుకి జరిపాను. ముప్పై తొమ్మిదో నిమిషంలో తలుపు తెరుచుకున్న చప్పుడుంది. మీరు 'వద్దు, అక్కడే ఆగు' అని బతిమాలుతున్నారు. ఎవరిని?"

మూడూ పదికి మొదలైన రికార్డింగు. ముప్పై తొమ్మిదో నిమిషం. గోడ గడియారం వైపు చూశాడు. మూడూ నలభై ఏడు. ఇంకా రెండు నిమిషాలైనా లేదు.

"చిన్నోడే... అయ్యుంటాడు," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత చిన్నగా మాట్లాడింది అదే మొదటిసారి.

"ఆయన కాదు. ఆయన నడక నాకు తెలుసు. లోపలికొచ్చిన మనిషి మిమ్మల్ని 'బావగారూ' అంటోంది. అది నా గొంతు. నేను దిగిపోయి అరగంటవుతోంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. మరి అదెవరు బావగారూ?"

టేపులాయన ఫోనుని చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. విన్నాడు. ఇంకాస్త విన్నాడు.

"అమ్మాయ్," అన్నాడు, "బస్సులో ఉన్నానన్నావు కదా... మరి బస్సు చప్పుడేదీ?"

అవతల ఎవరో మెల్లగా ఊపిరి తీసుకున్నారు.