వాన రోజున తగ్గిన పులుపు

"నా స్వెటర్ నిండా కిమ్చీ వాసన," అంది అమ్మ. బాల్కనీలోంచి స్వెటర్ పట్టుకొచ్చి బోరమ్ ముక్కు దగ్గర పెట్టింది. "పొద్దున్నే ఆ డబ్బా మూత తీయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పక్కనే బట్టలు ఆరేసి ఉన్నాయి కదా."

"బట్టలు వేరేచోట ఆరేసుకో అమ్మా. డబ్బా జరిపితే నా లెక్క పోతుంది."

"కిమ్చీ కోసమని వేరే ఫ్రిజ్ కొన్నాం. అందులో పెట్టుకోవచ్చుగా?"

"అందులో పెడితే మెల్లగా పులుస్తుంది. నాకు తొందరగా పులవాలి."

"కిమ్చీ పులుస్తుంటే చూస్తూ కూర్చోడానికా నిన్ను నర్సింగ్‌లో చేర్చింది?"

అమ్మమ్మ నేలమీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తలెత్తకుండానే అంది: "మంచి తిండిని బయట పడేసి, దానికోసం తల్లీకూతుళ్ళు కొట్టుకోవడం. ఇదేం చోద్యమో."

ఆ వెల్లుల్లి శనివారం కోసం. జొంజు ఊళ్ళో అందరిలాగే వాళ్ళింట్లోనూ చలికాలానికి సరిపడా కిమ్చీ, అంటే క్యాబేజీకి ఉప్పూ కారం పట్టించి పులియబెట్టే పచ్చడి, ఆ రోజే పెడతారు. ఆ పెట్టడాన్నే కిమ్‌జాంగ్ అంటారు, దానికి ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. బయటివాళ్ళని మాత్రం అమ్మమ్మ రానివ్వదు. కారం కలిపే కొలత గడప దాటకూడదని ఆవిడ పట్టుదల. ఒక్కసారి పిన్ని తనతో ఎవరో అబ్బాయిని తీసుకొచ్చింది. అమ్మమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఉప్పులో ఊరిన క్యాబేజీల తొట్టి ముందు కూర్చోబెట్టింది. మరుసటి వసంతానికి అతను బాబాయ్ అయ్యాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో కిమ్‌జాంగ్‌కి ఎవరినైనా పిలవడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

బోరమ్ పులుపు కొలిచే మీటర్ పుల్లని కిమ్చీ రసంలో ముంచి, వచ్చిన అంకెని ఫోన్‌లో తన క్లాసు జట్టులోని సాన్హాకి పంపింది. వెంటనే జవాబు వచ్చింది: "అందింది. నిద్ర లేచాను." రోజూ అదే మాట. ఆ మాట చదివాకే పళ్ళు తోముకోవడం బోరమ్‌కి అలవాటై చాలా రోజులైంది.

*

కాలేజీలో ఆ లెక్కల క్లాసుకి అన్ని శాఖల పిల్లలూ వస్తారు. పేక్ మాస్టారు మొదటిరోజే చెప్పేశారు: "మీలో ఒకరు రసాయనాలు చూస్తారు, ఒకరు రోగుల్ని చూస్తారు, ఒకరు కంప్యూటర్‌ని, ఒకరు వడ్డీని. అందరూ చూసేది ఒక్కటే. ఏదో మారుతోంది, ఎంత వేగంగా మారుతోంది? మారేదాన్ని ఒకటి పట్టుకురండి."

బోరమ్‌కి జట్టుగా వచ్చినవాళ్ళు ఇద్దరు. కామర్స్ చదివే గ్యుతే, మిలిటరీలో పనిచేసి వచ్చి కంప్యూటర్లు చదువుతున్న సాన్హా. గ్యుతే క్యాబేజీ ధర తీసుకుందామన్నాడు. సాన్హా ఫోన్ బ్యాటరీ అన్నాడు. బోరమ్ కిమ్చీ అంది.

"కిమ్చీని కంప్యూటర్లో ఎలా పెడతారండీ?" అన్నాడు సాన్హా.

"మీరు పెట్టక్కర్లేదు సీనియర్ గారూ. అంకెలు నేను పంపుతాను. మీరు గీత గీయండి చాలు."

గ్యుతే నవ్వాడు. సాన్హా నవ్వలేదు కానీ, మర్నాడు కాలేజీ గేటు దగ్గర చేప ఆకారం రొట్టె కొని, విరిచి, తల ఉన్న సగం ఆమెకి ఇచ్చాడు. ఎర్ర చిక్కుళ్ళ ముద్ద ఎక్కువ ఉండేది ఆ సగంలోనే. ఆ తర్వాత ఎప్పుడు కొన్నా తోక అతనికే మిగిలేది.

స్వెటర్ గొడవ జరిగిన రోజు మధ్యాహ్నం సాన్హా కంప్యూటర్ తెర వాళ్ళిద్దరి వైపూ తిప్పాడు. గీత మెల్లగా మొదలై, వేగం అందుకుని, పైకి పోయింది. ఉన్నట్టుండి ఒకచోట ధబాలున కిందపడింది. మళ్ళీ మొదట్నుంచీ ఎక్కడం మొదలుపెట్టింది.

"పులిసిన కిమ్చీ మళ్ళీ తాజాగా అయిందా?" అన్నాడు గ్యుతే. "ఈ కిటుకు చెబితే మా అమ్మ నీకు గుడి కడుతుంది."

సాన్హా తెర మీంచి కళ్ళు తీయకుండా అడిగాడు. "ఆ రోజు మీరు నిజంగా కొలిచారా?"

బోరమ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. "ఏమంటున్నారు? పడుకుని లేచి, నోటికొచ్చిన అంకె పంపాననా?"

"అలా అనలేదు. పులుపు వెనక్కి పోదు కదా. ఈ కాసిని చుక్కలూ తీసేస్తే గీత శుభ్రంగా ఉంటుంది. గురువారం అందరి ముందూ చూపించాలి."

"మీటర్ ఎంత చూపిస్తే అంత పంపాను. నాక్కూడా వింతగానే అనిపించింది. అయినా పంపాను. రేపు వార్డులో జ్వరం నాకు నచ్చినట్టు లేదని మార్చి రాస్తానా?" బోరమ్ సంచీ భుజాన వేసుకుంది. "నా చుక్కలు తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి."

మర్నాడు పొద్దున ఆమె అంకె గ్యుతేకి పంపింది. "నాకెందుకిది?" అని జవాబు వచ్చింది. పళ్ళు తోముకోబుద్ధి కాలేదు.

*

బుధవారం క్లాసులు అయ్యేసరికి వాన పట్టుకుంది. బోరమ్ బస్‌స్టాప్‌లో నించుంది. సాన్హా గొడుగు ఉండి కూడా సగం తడిసి వచ్చాడు. చేతిలో మెత్తబడిన కాగితం సంచీ.

"నేను తప్పుగా అడిగాను," అన్నాడు. "చుక్కలు తీసెయ్యలేదు. తీసేద్దామని కూర్చుని, సరిగ్గా చూశాను."

బోరమ్ బస్సు వచ్చే వైపే చూస్తోంది. "చూసి?"

"కల్పించి చెప్పేవాళ్ళు గీత నున్నగా వచ్చేలా అంకెలు చెబుతారు. అనుమానం రాకూడదు కదా. నేనైతే అలాగే చెప్పేవాణ్ణి. ఇది ఒక్క రాత్రిలో పడింది, మళ్ళీ కొత్త కిమ్చీ లాగే ఎక్కింది. మీరు కొలిచింది నిజమే. డబ్బాలో ఎవరో చెయ్యి పెట్టారు."

"మా ఇంట్లో ఎవరు పెడతారు? అమ్మ ఆ డబ్బా దరిదాపులకే రాదు."

"ఆ ముందురోజు మీ ఇంట్లో విశేషం ఏమైనా జరిగిందా? ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు. ఆ రోజు బట్టలు కూడా ఆరలేదు, వాన..." బోరమ్ ఆగిపోయింది. రేకుల కప్పు మీద చినుకులు, పెనం మీద నూనె చిటపటలాడినట్టు చప్పుడు చేస్తున్నాయి. "వాన పడితే మా అమ్మమ్మ కిమ్చీ అట్లు పోస్తుంది."

"కిమ్చీ పులిసిందైతేనే కదా అట్లు బాగుంటాయి," అన్నాడు సాన్హా మెల్లగా.

ఇద్దరూ ఒకేసారి వాన వైపు చూశారు.

"ఈపాటికి డబ్బా దగ్గరే ఉండి ఉంటుంది," అంది బోరమ్.

బస్సు కోసం ఆగలేదు. రెండు స్టాపులే దూరం. ఒకే గొడుగు కింద నడిచారు. గొడుగు ఆమె వైపే ఎక్కువ వంగి ఉంది. మలుపు దగ్గర సాన్హా అన్నాడు, "రేపటితో లెక్క అయిపోతుంది."

"అయితే?"

"ఎల్లుండి పొద్దున నాకేం మెసేజ్ వస్తుందా అని ఆలోచిస్తున్నాను. నిన్నా ఇవాళా ఏమీ రాలేదు. రెండు రోజులూ మొదటి క్లాసుకి పోలేదు."

"అలారం కొనుక్కోండి."

"ఉంది. దానికి జవాబు ఇవ్వాలనిపించదు."

బోరమ్ అతని చేతిలోని కాగితం సంచీ అందుకుంది. తడిసిన సంచీలోంచి రొట్టె తీసి, విరిచి, ఈసారి తల ఉన్న సగం అతనికి ఇచ్చింది.

*

బాల్కనీలో అమ్మమ్మ ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో కిమ్చీ పట్టుకుని దొరికిపోయింది. పక్కనే ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా, మూత తెరిచి ఉంది. రెండిట్లోనూ ఒకేరోజు పెట్టిన కిమ్చీయే. చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

"అమ్మమ్మా, ఏం చేస్తున్నావు?"

"కనిపించట్లేదా? పులిసింది తీసుకుంటున్నా. తీసినంతా మళ్ళీ నింపుతున్నాగా. ఖాళీ డబ్బా చూసి నువ్వు బెంగపడకూడదని." ఆవిడ చూపు మనవరాలి వెనక్కి పోయింది. "ఈ తడిసిన పిల్లాడెవరు?"

"నీవల్ల నన్ను అబద్ధాలకోరు అనుకున్న మనిషి."

"అలాగా? అయితే లోపలికి రా నాయనా. నీకు రెండు అట్లు ఎక్కువ వెయ్యాలి."

అందరూ పొట్టి బల్ల చుట్టూ కూర్చున్నారు. అట్టు అంచులు కరకరలాడుతున్నాయి. నాన్న వరసగా అట్లు లాగిస్తున్నాడు. అమ్మ సాన్హాకి తువ్వాలు ఇచ్చి, అతని చొక్కా తీసుకెళ్ళి ఆరేసి వచ్చింది, డబ్బాకి దూరంగా. అతను వేసుకున్న నాన్న పాత చొక్కా చేతులు మణికట్టు దాకా రావడంలేదు.

"రేపు మాస్టారికి ఏం చెబుతారు?" అంది అమ్మ.

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తాం ఆంటీ. గీత పడినచోట 'ఇక్కడ వాన, అట్లు' అని రాస్తాం."

"నా పేరు రాయకండి," అంది అమ్మమ్మ. "రాస్తే, పిండి కొలత కూడా చెప్పమంటారు."

అమ్మ నవ్వింది. నాన్న కూడా నవ్వినట్టే ఉంది, నోట్లో అట్టు ఉండటంవల్ల సరిగ్గా తెలియలేదు. సాన్హా చివరి ముక్కని బోరమ్ పళ్ళెంలోకి జరిపాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. అందరూ చూశారు.

బోరమ్ చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"శనివారం కిమ్‌జాంగ్‌కి సాన్హా వస్తున్నాడు," అంది.

అతనికి ఆ మాట ఇంకా చెప్పనేలేదు. అతను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న అమ్మమ్మ వైపు చూశాడు. బయట వాన పడుతూనే ఉంది.

అమ్మమ్మ బల్ల మీదుగా వంగి, సాన్హా కుడిచెయ్యి తీసుకుని, అరచెయ్యి తన అరచేతికి ఆనించి చూసింది.

"కారం కలపడానికి మనింట్లో ఉన్న రబ్బరు తొడుగులు ఇతనికి పట్టవు," అంది అమ్మతో. "రేపు బజారు నుంచి పెద్దవి పట్టుకురా."