శేషయ్య కణాలు

పొద్దున్నే తండ్రికి రాగిజావ తాగించి, మూతి తుడిచి, చచ్చుబడిన కుడిచేతిని కాసేపు మర్దన చేశాకే శరణమ్మ ల్యాబుకు బయలుదేరేది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి తాయప్పకు కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. కళ్లు మాత్రం కూతురు చెప్పులు తొడుక్కునేదాకా ఆమెనే చూస్తుండేవి.

"పోయొస్త నాయినా," అనేది. ఆయన రెప్పలు ఆర్పేవాడు. అంతే.

రాయచూరులో ఆమె పనిచేసే పరిశోధనశాల చిన్నది. రక్తనాళంలో కొవ్వు పేరుకున్న చోట దానిమీద మన ఒళ్లే ఒక పొర అల్లుతుంది. ఆ పొరలోని కణాలు బతికున్నన్నాళ్లు మనిషికి భయం లేదు. అవి చచ్చిపోతే పొర చిరిగి, నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ పోయి మెదడుకు అడ్డం పడుతుంది. తాయప్పకు జరిగింది అదే. మెడలో రెండోవైపు నాళం కూడా పూడుకుపోతోందని, ఇంకోసారి వస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. అందుకే శరణమ్మ ఆ పనికి అంటుకుపోయింది. కణాన్ని బతకమనే జన్యువును మేల్కొల్పాలి, చావమనే దాన్ని నిద్రపుచ్చాలి.

ఎందరి కణాలో తెచ్చి సీసాల్లో పెంచింది. కొన్నాళ్లకు అన్నీ ముడుచుకుని చచ్చిపోయేవి. శేషయ్యవి మాత్రం చావలేదు.

శేషయ్య కోస్తా నుంచి వలసొచ్చి, కవితాళ దగ్గర ఆంధ్ర రైతుల క్యాంపులో వరి పండించిన రైతు. మెడ నాళంలో కొవ్వు తీసిన ఆపరేషన్ తర్వాత వారం తిరక్కుండానే పోయాడు. తీసిన ముక్కను పరిశోధనకు వాడుకోమని ఆయన భార్య ఒప్పుకుంది. ఆ కణాలు సీసా నిండిపోయేవి. విడదీసి కొత్త సీసాల్లో వేస్తే అవీ నిండేవి. "వీటిని బతికిస్తున్న జన్యువేదో తేలితే మందు చేతికందినట్టే శరణమ్మా," అని పై అధికారి వెంకోబరావు సార్ సంబరపడ్డాడు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. సార్ బెంగళూరు పోయి ఉన్నాడు. కరెంటు పోయి, కిటికీలు మబ్బుతో నల్లబడ్డాయి. జనరేటరు రొద మీద కణాల సీసాలుంచే వెచ్చటి పెట్టె ఒక్కటే పచ్చ లైటుతో వెలుగుతోంది. ఎప్పుడూ స్పిరిట్ వాసన కొట్టే గదిలో ఎందుకో నాట్లేసిన మడి వాసన... తడి బురద వాసన.

శరణమ్మ వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నేను బుల్లెమ్మనమ్మాయ్. శేషయ్యగారి ఇంటిదాన్ని."

"కూసోండమ్మా. ఇంత వానల ఎట్ల వచ్చిండ్రు?"

"ఆయన్ని వదిలెయ్యమని అడగడానికొచ్చాను."

"ఏంది?"

"పెద్దకర్మ చేశాం. అస్థికలు కృష్ణలో కలిపాం. అయినా పోలేదు. దీపాలవేళకి వచ్చి అరుగు మీద కూచుంటాడు. అన్నం పెడితే వద్దంటాడు. అక్కడ పెడతన్నారు, తిన్నానంటాడు. నోట్లోంచి గులాబీరంగు నీళ్లు కారతా ఉంటాయి."

శరణమ్మ చూపు పచ్చ లైటు పెట్టె మీదికి పోయింది. కణాలకు పోసే ఆహారం గులాబీరంగులోనే ఉంటుంది. ఆ సంగతి ఈమెకు ఎవరు చెప్పారు?

"మొదట్లో ఒక్కడే వచ్చేవాడు," బుల్లెమ్మ గొంతు తగ్గించింది. "ఇప్పుడు అరుగు పట్టట్లేదమ్మాయ్. అందరూ... ఆయనే."

భ్రమ అనుకుంది శరణమ్మ. మొగుడు పోయిన దిగులు అనుకుంది. ఆమెకు ధైర్యం చెప్పడానికే ఒక సీసా తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, తను ముందు చూసింది.

సన్నగా, పొడుగ్గా ఉండే కణాలు. మామూలుగా తలో దిక్కు పడి ఉంటాయి. ఇప్పుడు అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. గాలికి వంగిన వరిచేనులా. బుల్లెమ్మ కూర్చున్న వైపు.

సీసాను అటు నుంచి ఇటు తిప్పి పెట్టింది. మళ్లీ చూసింది.

కదులుతున్నాయి... మెల్లగా... అన్నీ కలిసి.

మళ్లీ ఆమె వైపే.

శరణమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "అమ్మా," అంది, "ఇవి పోతే మా నాయినకు మందు ఉండదు."

"మీ నాన్న బతికున్నాడు తల్లీ," అంది బుల్లెమ్మ. "మా ఆయన్ని చావనియ్యి."

సీసాలన్నీ బల్ల మీదికి వచ్చాయి. ఒక్కటి లోపల దాచుకుందామని శరణమ్మ చెయ్యి వెళ్లింది. వెనక్కి తీసుకుంది. ఒక్కో సీసాలో బ్లీచు పోసింది. రంగు విరిగి నీళ్లు తెల్లబడ్డాయి. ఎక్కడి నుంచో... చాలామంది ఒకేసారి ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడు.

జనరేటరు ఆగిపోయింది.

"వెళ్లిపోయాడు," గుసగుసగా అంది బుల్లెమ్మ. చీకట్లో ఆమె ఏడుపు వినబడింది.

ఆమెను కవితాళ బస్సెక్కించి శరణమ్మ ఇంటికి చేరేసరికి ఇంకా మునిమాపే. తల్లి హుచ్చమ్మ వాకిట్లోకే ఉరికొచ్చింది. ముఖమంతా కన్నీళ్లు, నవ్వు.

"నీ నాయిన మాట్లాడుతుండు! దేవుడు చూసిండు! జల్ది రా!"

తాయప్ప మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. చచ్చుబడిన కుడిచేత్తో చెంబు ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. కూతుర్ని చూసి నవ్వాడు.

"వచ్చావా అమ్మాయ్? బుల్లెమ్మకి బస్సులో సీటు దొరికిందా?"

తాయప్ప పుట్టి పెరిగింది ఇక్కడే, రాయచూరు జిల్లా కల్లూరులో. కూతుర్ని 'బిడ్డా' అని తప్ప పిలిచి ఎరగడు.

"బుల్లెమ్మ ఎవరే?" హుచ్చమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

తండ్రి కుడిచెయ్యి చెంబును నిదానంగా కింద పెట్టింది. ఎడమచెయ్యి మాత్రం, ఇన్నేళ్లూ నాయిన మాట విన్న ఆ ఒక్క చెయ్యి, దుప్పటి కిందుగా పాకుతూ వచ్చి, ఆమె చున్నీ కొసను గుప్పిట్లో బిగించి పట్టుకుని, గజగజ వణుకుతోంది.