చెయ్యెత్తితే ఆగాలి

పెద్ద వరద వచ్చి బజారులో పడవలు తిరిగిన ఏడు జరిగింది ఇది. ఆ ఏడు నది ఊళ్ళలో దొరికినదంతా ఊడ్చుకొచ్చి సముద్రంలో పోసింది. తీరానికి దూరంగా, నీళ్ళ నడుమ ఇనుప కాళ్ళ మీద నిలబడి చమురు తోడే రిగ్గు కిందనుంచి ఒకరోజు కుర్చీ పోయేది, ఒకరోజు తలుపు పోయేది. ఒకనాడు మంచం పోతుంటే, దాని వెనకే పరుపు కూడా వస్తుందేమోనని రిగ్గు మీదివాళ్ళు కాసేపు ఎదురుచూశారు.

హెలికాప్టర్లన్నీ వరదలో చిక్కుకున్నవాళ్ళ కోసం వెళ్ళాయి. కనక రిగ్గుకు వచ్చేవాళ్ళు పడవలో వచ్చి, తాళ్ళ బుట్టలో పైకి రావాల్సి వచ్చింది. బుట్ట అంటే లోపల కూర్చునేది కాదు. కింద గుండ్రటి చట్రం, దాని మీద తాళ్ళ వల. మనిషి ఆ చట్రం అంచున బయటివైపు నిలబడి రెండు చేతులతో వలను కరుచుకుంటాడు. క్రేను ఎత్తుతుంది. కింద సముద్రం, పైన దేవుడు, నడుమ క్రేను ఆపరేటరు.

ఆ ఆపరేటరును అందరూ డేగ అనేవారు. ఎప్పుడూ పైన అద్దాల గదిలో కూర్చుని కిందివాళ్ళను చూస్తాడు కాబట్టి. కొత్తవాళ్ళు వస్తే అతనికో సరదా ఉండేది. బుట్టను సగంలో ఆపేసేవాడు. కొత్తవాడు దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలవడం అయ్యాక తెచ్చి డెక్కు మీద దించేవాడు. రిగ్గు మీద దాన్ని స్వాగతం అనేవారు.

ఆ రోజు బుట్టలో ఒక అమ్మాయి వచ్చింది. డేగ సగంలో ఆపాడు. ఆమె ఏ దేవుణ్ణీ పిలవలేదు. తలెత్తి అద్దాల గదివైపు చూసింది. అంతే. అతను ఎన్నో బరువులు చూశాడు గానీ ఇంత బరువైన చూపు చూడలేదు. ముందు కళ్ళు దించుకున్నాడు, తర్వాత బుట్టను దించాడు.

ఆమె పెట్టె అక్కడే వదిలేసి, ఇనుప నిచ్చెన ఎక్కి పైకి వచ్చి తలుపు కొట్టింది.

"మధ్యలో ఎందుకు ఆపారు?"

"గాలి చూసుకున్నానండి."

డెక్కు చివర గాలి వాటం తెలియడానికి కట్టిన జెండా ఉంది. ఆమె దానివైపు వేలు చూపింది. అది ఆరేసిన తడిగుడ్డలా వేలాడుతోంది.

"జెండా కదలడం లేదు" అంది. "దించడం మాత్రం నెమ్మదిగా దించారు. అది బాగుంది."

ఆమె దిగిపోయాక డేగ, తనతో వంతులవారీగా క్రేను నడిపే పెద్దాయన్ని అడిగాడు, ఎవరు బాబాయ్ ఆవిడ అని. రిగ్గంతా ఆయన్ని బాబాయనే పిలిచేది. కొత్త సేఫ్టీ ఆఫీసరు, కార్మికుల ప్రాణాలూ సముద్రం శుభ్రతా రెండూ ఆవిడ పూచీనే అని చెప్పి, బాబాయి అతని భుజం తట్టి వెళ్ళాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు అలాగే తడతారు.

ముందున్న సేఫ్టీ ఆఫీసరు మహా శాంతస్వభావుడు. భోజనం తర్వాత ఆ శాంతి ఇంకా పెరిగేది. ఆయన నిద్రలో ఉండగా జరిగినవి తప్పులుగా లెక్కలోకి రాలేదు కాబట్టి, రిగ్గుకు మంచి పేరుండేది.

రిగ్గు మేనేజరును మైకు సారు అనేవారు. నిద్రలో తప్ప చేతిలోంచి మైకు దించేవాడు కాదు. భోజనాల గదిలో గోడకు పెద్ద బోర్డుంది. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా సరే చెయ్యెత్తి పని ఆపవచ్చు, ఆపినవారు అందరి ముందూ కారణం చెప్పాలి, అది విన్నాకే పని మళ్ళీ మొదలవ్వాలి అని దానిమీద రాసి ఉంది. దాన్ని ఆయన రోజూ పొద్దున మైకులో చదివేవాడు. గొంతు బాగానే ఉండేది. ఒకసారి ఒక వెల్డరు ఆ మాట నమ్మి చెయ్యెత్తాడు. తర్వాతి పడవలో ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆ రిగ్గు మీద తల దురద పెట్టినా, గోక్కోవడానికి చెయ్యెత్తేముందు జనం అటూ ఇటూ చూసుకునేవారు.

ఆమె వచ్చిన మొదటిరోజే చెయ్యెత్తింది. మర్నాడు మళ్ళీ ఎత్తింది. చెయ్యి నిటారుగా, అరచెయ్యి విప్పి, కదలకుండా. బరువు గాల్లో ఉండగా దాని కిందనుంచి మనుషులు నడుస్తున్నారని ఒకసారి ఆపింది. ఎంగిలి కప్పులు సముద్రంలోకి విసురుతున్నారని వంటవాళ్ళని ఆపింది. వరదలో మంచాలూ తలుపులూ కొట్టుకొస్తుంటే మా కప్పు బరువైందా అని వాళ్ళు గొణిగారు. వరదకు చెప్పేవాళ్ళు లేరు, మీకు నేనున్నాను అంది.

వారం తిరక్కుండా ఆమెకు ఆపమ్మ అని పేరు పెట్టారు. పెట్టింది డేగే. పెట్టి, తనే అందరికంటే ఎక్కువ తలుచుకోవడం మొదలుపెట్టాడు.

క్రేను దగ్గర తప్పు కనిపిస్తే ఆమె కింద నిలబడి అరిచే రకం కాదు. నిచ్చెన ఎక్కి వచ్చి, తలుపు కొట్టి, ఎదురుగా నిలబడి తిట్టేది. వానలో తడిసి వచ్చి ఒకసారి తిట్టింది. హెల్మెట్ అంచునుంచి చుక్కలు కారుతుంటే, తుడుచుకోవడానికి కూడా తీరిక లేకుండా తిట్టింది. ఆ వాన అతనికి చాలా బాగుంది.

తర్వాత నాలుగు రోజులు డేగ ఏ తప్పూ చెయ్యలేదు. ఆమె రాలేదు.

దానికి ఇంకెవరికైనా వేరే ఉపాయం తోచేదేమో. భోజనాల దగ్గర పక్కన కూర్చుని పలకరించేవాడేమో. డేగకు క్రేను తప్ప ఏదీ తెలియదు. మర్నాడు హారన్ కొట్టకుండా బరువు తిప్పాడు. ఆమె వచ్చింది. ఇంకోరోజు బెల్టు పెట్టుకోకుండా నిచ్చెన ఎక్కాడు. వచ్చింది. గది తలుపు తీసి ఉంచి పని చేశాడు. వచ్చింది. ఇంత బాగా పనిచేసే యంత్రం అతను రిగ్గు మీద ఎక్కడా చూడలేదు.

"మీరొస్తే గానీ నా తప్పు నాకు తెలియడం లేదు మేడం" అన్నాడు ఒకసారి.

"మీకు ముందే తెలుసనిపిస్తోంది" అంది ఆమె.

అన్నది గానీ వెంటనే దిగిపోలేదు. ద్వారబంధానికి ఆనుకుని, అడక్కుండానే తన సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న ఓడరేవులో మోత పని చేసేవాడట. ఒకసారి నెత్తిన పెట్టె పడబోతుంటే ఎవరో చెయ్యెత్తి క్రేను ఆపించాడు. ఆ మనిషెవరో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆ చెయ్యే లేకపోతే నేనే లేను అని ఆమె అంది. ఆ నాన్నే ఇంట్లో మాత్రం బల్లమీద స్టూలు వేసి ఎక్కుతాడట, ఎంత మొత్తుకున్నా వినడట. చెబుతూ నవ్వింది. ఆమె నవ్వడం రిగ్గు మీద చూసింది డేగ ఒక్కడే. దాంతో అతనికి పూర్తిగా మతి పోయింది.

క్రేను ఇంజిన్ కింద ఒక రేకు తట్ట ఉంటుంది, కారే నూనె చుక్కలు పట్టడానికి. మర్నాడు పొద్దున డేగ ఆ తట్టను కాస్త పక్కకు జరిపాడు. నాలుగు చుక్కలు డెక్కు మీద పడతాయి, ఆమె చూస్తుంది, పైకి వస్తుంది, తిడుతుంది, తుడిచేస్తే అయిపోతుంది. అదీ అతని లెక్క.

ఆ లెక్కలో వాన లేదు. ఆమె కింది అంతస్తులో ఉండగా ఒక్కసారిగా కురిసింది. తట్టలో పాత నూనె నిండి ఉంది. జరిపిన తట్ట ఒరిగింది. నూనె వాననీళ్ళతో కలిసి డెక్కంతా పారి, అంచు దాటి సముద్రంలో పడింది. వాన వెలిశాక ఆకాశంలో ఇంద్రధనుస్సు రాలేదు. రిగ్గు కింద నీళ్ళమీద మాత్రం ఏడు రంగులూ పరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే సరుకుల పడవ వచ్చింది. పడవలో కంపెనీ పెద్దలిద్దరు ఉన్నారు. రంగుల్లోంచే వచ్చారు.

పెద్దల ముందు మైకు సారు తడుముకోలేదు. ఈవిడ రాకముందు మా రిగ్గు మీద ఒక్క తప్పూ లేదు సార్, వచ్చిన దగ్గర్నుంచే మొదలయ్యాయి అన్నాడు. క్రేను దగ్గరే ఇన్నిసార్లు పని ఆపిందంటే అక్కడ ఆవిడ అజమాయిషీ ఎంత గొప్పదో మీరే చూడండి అన్నాడు. పెద్దలకు ఆ మాట నచ్చింది. తట్ట ఎలా ఒరిగిందో ఆరా తీయడం కంటే మనిషిని పంపించడం తేలిక. అదే పడవలో వెళ్ళిపొమ్మని ఆమెకు చెప్పారు. ఇక్కణ్ణుంచి అలా పంపిస్తే ఇంకే రిగ్గు మీదా ఎవరూ పని ఇవ్వరు. ఆమె పెట్టె సర్దుకుంది.

పెద్దల్ని పడవలో దించి బుట్ట మళ్ళీ డెక్కు మీదికి వచ్చింది. ఆమె పెట్టె నడుమ కట్టారు. ఆమె అంచున నిలబడి వల పట్టుకుంది. ఈసారి పైకి చూడలేదు.

ఎత్తాల్సింది డేగే.

అతను లివరు మీద చెయ్యి వేశాడు. తీశాడు. గది తలుపు తెరుచుకుని బయటి మెట్టు మీదికి వచ్చి నిలబడి, చెయ్యెత్తాడు. నిటారుగా, అరచెయ్యి విప్పి, కదలకుండా.

కిందివాళ్ళు నవ్వారు, వీడి స్వాగతం వీడ్కోలుకు కూడానా అని. అతను చెయ్యి దించలేదు. నవ్వు ఆగిపోయింది. అతను నిచ్చెన దిగి డెక్కు మీదికి వచ్చాడు.

మైకు సారు ఏమైందన్నాడు.

"పని ఆపానండి. కారణం చెప్పాలి కదా, చెప్తాను. ఈ క్రేను నడిపేవాడు పనికి తగినవాడు కాదు."

"నడిపేది నువ్వే కదయ్యా."

"అదే చెప్తున్నాను సార్. తట్ట జరిపింది నేను. హారన్ కొట్టనిది నేను. బెల్టూ తలుపూ అన్నీ కావాలనే చేశాను. మేడం తప్పు ఒక్కటీ లేదు."

"కావాలని ఎందుకు చేస్తావయ్యా, పిచ్చా?"

డేగ ఒకసారి బుట్టవైపు చూశాడు.

"తప్పు చేస్తే ఆవిడ పైకి వస్తారు సార్. రావాలని చేశాను. ఆవిడంటే ఇష్టం. చెప్పడానికి వేరే దారి తోచలేదు."

మైకు సారు చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట వంటగదిలో వినిపించింది, ఇంజిన్ల దగ్గర వినిపించింది, స్నానాల గదిలో ఒంటికి సబ్బు పూసుకున్నవాళ్ళకీ వినిపించింది. కింద పడవలో పెద్దలు తలలెత్తారు.

ఆమె బుట్ట దిగి వచ్చింది. ఎర్రబడ్డ ముఖం సిగ్గువల్లనేమోనని కొందరు అనుకున్నారు. దగ్గరగా నిలబడ్డవాళ్ళు మాత్రం ఒక అడుగు వెనక్కి వేశారు.

"నూనె సముద్రంలో కలిసింది. రేపు చేప నోట్లోకి పోతుంది. అది మీ ఇష్టంతో ఆగుతుందా?"

అతను ఆగదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఇతన్ని క్రేను ఎక్కనివ్వకండి సార్" అంది మైకు సారుతో. "ఒడ్డుకు పంపండి. మొదట్నుంచీ శిక్షణ తీసుకుని పాసైతేనే రానివ్వండి."

రిగ్గంతా విన్నాక మైకు సారుకు సరే అనక తప్పలేదు. పొద్దున ఆయన చదివే బోర్డు మొదటిసారి ఆయన చెప్పకుండానే పనిచేసింది. పడవలోంచి పెద్దలు ఆవిణ్ణి ఉంచమని చెయ్యి ఊపారు. బుట్టలోంచి ఆమె పెట్టె విప్పి దించారు. డేగ సంచి కట్టారు. బాబాయి పైకెక్కి లివర్ల ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అందర్నీ వేలాడదీసినవాడు ఆ రోజు తాళ్ళ వల కరుచుకున్నాడు. ఏ దేవుడి పేరూ సమయానికి గుర్తు రాలేదు.

బుట్ట డెక్కు మీదనుంచి జానెడు లేచింది. అప్పుడు ఆమె చెయ్యెత్తింది.

బాబాయి ఆపాడు. బుట్ట మెల్లగా డెక్కు మీద ఆనింది. అందరూ ఆమెవైపు తిరిగారు. మైకు సారు నీరసంగా కారణం అడిగాడు. ఆమె ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఈ మనిషికి మా ఇంటి దారి తెలియదు" అంది. "రేవు దగ్గర వంతెన దాటాక కుడివైపు నీలం గేటు. మా నాన్న పెందరాళే లేస్తారు. ముందు ఆయనకి కనిపించాలి. ఇక్కడ చేసింది ఒక్కటీ దాచకుండా చెప్పాలి. నేనింకా క్షమించలేదు. ఆయన విన్నాక చూద్దాం."

"ఇదీ ఒక కారణమేనా అమ్మా?" అన్నాడు మైకు సారు.

"కారణం ఎంత ఉండాలో బోర్డు మీద రాయలేదు సార్."

ఆమె చెయ్యి దించింది. బుట్ట లేచింది. సగం దారిలో, కింద నీళ్ళు కనిపిస్తుండగా, కాసేపు ఆగింది. డేగ జెండావైపు చూశాడు. కదలడం లేదు. పైన అద్దాల గదిలో బాబాయి నవ్వుతున్నాడు. కిందనుంచి ఆమె ఆయన్నీ ఒక చూపు చూసింది. బుట్ట వెంటనే దిగింది.

మర్నాడు పొద్దున డేగ వంతెన దాటి కుడివైపుకు తిరిగాడు. ఇళ్ళ గోడలమీద వరద నీళ్ళు నిలిచిన గీత ఇంకా బురద రంగులోనే ఉంది. నీలం గేటు తీసి ఉంది. వరండాలో ఒక ముసలాయన బల్ల వేసి, బల్లమీద స్టూలు వేసి, దానిమీద మునివేళ్ళపై నిలబడి సున్నం బ్రష్షుతో ఆ గీత పైభాగాన్ని అందుకుంటున్నాడు. స్టూలు కాలు ఒకటి బల్ల అంచు దాటి సగం గాల్లో ఉంది.

డేగ గుమ్మంలోనే ఆగి చెయ్యెత్తాడు.

"ఆగండి."

ముసలాయన ఆగాడు. ఆ చేతివంక చాలాసేపు చూశాడు.

"అలా ఎత్తడం ఎవరు నేర్పారు నీకు? మా అమ్మాయి అచ్చం అలాగే ఎత్తుతుంది."

"ఆవిడేనండి."

"ఎందుకు ఆపావు మరి?"

"కారణం ఉందండి. కాస్త పెద్దది. ముందు మీరు దిగండి."

అతను వెళ్ళి రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు. ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి ఒక్కో కాలూ కిందికి దించాడు. డేగ స్టూలు దించి పక్కన పెట్టి, సున్నం బ్రష్షు తన చేతిలోకి తీసుకుని, తట్ట దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.