ఊటీలో ఆరిన పంచె

తిప్పన్న శవం మీద కంబళి కప్పి ఉంది.

1984 జూలై 12. ఉదయం ఆరున్నర. కళ్యాణదుర్గం శివార్లలో శ్రీరంగప్ప శనక్కాయల మిల్లు. గోడౌన్ తలుపు బార్లా తెరిచి ఉంది. వాచ్‌మన్ తిప్పన్న బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కనే గడ్డపార.

గోడౌన్ ఖాళీ. కరువు రైతులకు పంచమని గవర్నమెంటు రెండు రోజుల కింద దించిన విత్తనకాయల మూటల్లో ఒక్కటీ మిగల్లేదు.

సబ్ ఇన్‌స్పెక్టర్ దాదా ఖలందర్ కంబళి ఎత్తి చూశాడు. నల్ల ఉన్ని. అంచున ఎర్రదారంతో వేసిన గుర్తు.

"కురుబ లింగప్ప నేసింది సార్," అన్నాడు హమాలీ రామాంజులు. "ఊరంతా ఎరుగును. కానీ సార్..."

"కానీ ఏందప్పా?"

రామాంజులు తల గోక్కున్నాడు. "ఏం లేదులే సార్. చెప్తే నవ్వుతారు."

లింగప్ప గొర్రెలు మిల్లులోకి దూరినప్పుడల్లా తిప్పన్న కర్ర ఎత్తేవాడు. ఇద్దరూ తిట్టుకునేవాళ్లు. కంబళి ఉంది. తగాదా ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జయరాముడికి ఇంకేం కావాలి? తొమ్మిది గంటలకల్లా లింగప్పను లాకప్‌లో వేయించాడు.

"మూటలన్నీ గొర్రెల మీద వేసుకుపోయినాడా సార్?" ఖలందర్ అడిగాడు.

"లారీలోళ్లతో కలిసింటాడు. అరెస్టు సాయంత్రమని రాయి. రేపు మధ్యాహ్నం రిమాండు. పెద్దమనిషి ఊర్లో లేనప్పుడు ఆయన మిల్లులో ఖూనీ అయితే మనకెంత చెడ్డపేరు!"

చచ్చినవాడి గురించి ఒక్క మాట లేదు. జయరాముడి బాధంతా పెద్దమనిషి గురించే.

ఆ పెద్దమనిషి శ్రీరంగప్ప ఊర్లో లేడని ఊరందరికీ తెలుసు. తెలిసేలాగే పోయాడు మరి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎండిన బావి చుట్టూ నిలబడ్డ జూన్ నెలలో, ఆయన అనంతపురం టైలరు దగ్గర ఉన్నికోటు కుట్టించుకున్నాడు. స్వెట్టరు, మఫ్లరు, గ్లౌజులు, మంకీ క్యాపు కొన్నాడు. అన్నీ తొడుక్కుని నడిమధ్యాహ్నం బస్టాండుకు వచ్చాడు. చెమట ధారలు కడుతుంటే బెంగళూరు బస్సు మెట్టు మీద నిలబడి చెప్పాడు: "నెలరోజులు ఊటీ! ఈ పాడు ఎండలు మీరు పడండప్పా!"

ఖలందర్ లాకప్ ముందు కూర్చున్నాడు.

"కంబళి నీదేనా?"

"నేను నేసిందే సామీ. నాది కాదు."

"తిరకాసు మాటలొద్దు."

"సావుకారి తీసుకున్న్యాడు. ఊటీకి పోతాండా, ఆడ చలి, కంబళి కావల్ల అన్న్యాడు. తిరిగొచ్చినాక దుడ్లు ఇస్తా అన్న్యాడు."

కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. "కోటు కుట్టించుకున్న సావుకారి నీ గొర్రె కంపు కప్పుకుంటాడా రా?"

"కప్పుకుంటాడో, కింద పరుచుకుంటాడో నాకేం తెలుసన్నా? తీసుకుపోయినాడు, అంతే."

సాయంత్రం ఆరు గంటల బస్సులో శ్రీరంగప్ప దిగాడు. అదే కోటు. అదే మఫ్లరు. నెల గడువు తీరిందట, వచ్చాడట. నేరుగా స్టేషనుకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవడు ఆ దొంగ నాకొడుకు? కురుబోడేనా?"

"ఊటీలో యాడ దిగినావు సావుకారీ?" ఖలందర్ అడిగాడు.

లాడ్జి పేరు చెప్పాడు. రసీదు బల్ల మీద పడేశాడు. "నన్ను అనుమానిస్తాండావా సాబ్?"

"అడగడం మా పని. లింగప్ప కంబళి తీసుకున్నావంట?"

"కంబళా? థూ! ఇదో, పెట్టె చూసుకో. చలిదేశంలో ఎట్ల బతకల్లో నాకు తెలుసు."

పెట్టె తెరిచాడు. చాలా చిన్నది. స్వెట్టరు, గ్లౌజులు, మంకీ క్యాపు. కింద ఒక పంచె, ఒక బనియను.

"నెలరోజులకు ఇంతేనా?"

"మీకు తెలీంది అదే! పైన ఉన్ని ముఖ్యం. లోపలికి రెండు జతలు చాలు. రాత్రి ఉతికి దండెం మీద వేస్తి, తెల్లారేసరికి పంచె గలగలమంటాండె. బుద్ధి ఉన్నోడు బట్టలు మోసుకుపోడు, బుర్ర మోసుకుపోతాడు."

జయరాముడు మెచ్చుకోలుగా తల ఊపాడు. స్టేషన్ రైటర్ ఊపాడు. ఖలందర్ కూడా ఊపాడు.

మర్నాడు తెల్లవారుజామున ఖలందర్ స్టేషనుకు వచ్చేసరికి బోరింగు దగ్గర ఒక ఆడమనిషి ఉంది. లింగప్ప భార్య చౌడమ్మ. చీరలో సగం ఒంటికి చుట్టుకుని, మిగతా సగం తడిపి గుంజి వేపచెట్టు కొమ్మకు కట్టింది. ఆ సగం గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"రాత్రంతా ఈడే ఉన్న్యావా?"

"యాడికి పోవల్ల సారూ? మొగుణ్ణి ఉరి తీస్తారంట కదా. మీ కానిస్టేబులే చెప్పినాడు."

ఖలందర్ బీడీ తీశాడు. "తడిచీర చుట్టుకోవద్దు. జ్వరమొస్తాది."

"తడి యాడుండాది? ఉండేది ఒకటే చీర. సగం ఉతికేది, ఆరబెట్టేది, మళ్లా ఇంకో సగం. ఆషాఢం గాలి సారూ! నువ్వు బీడీ ముట్టించేలోగా ఆరిపాయ, చూడు."

కొమ్మ నుంచి విప్పి విదిలించింది. చీర గలగలమంది.

ఖలందర్ చేతిలో అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలింది.

పోలీసులో చేరకముందు అతను నాలుగేళ్లు మిలిటరీలో, ఉత్తరాది కొండల్లో ఉన్నాడు. వానాకాలంలో అక్కడ ఉతికిన మేజోళ్లు వారమైనా ఆరేవి కావు. పొట్ట మీద పెట్టుకుని ఒంటి వేడితో ఆరబెట్టుకునేవాళ్లు. పొడి బట్ట కోసం జవాన్లు కొట్టుకునేవాళ్లు. ఇదంతా తెలిసీ నిన్న గొర్రెలా తల ఊపాడు! ఎందుకు? ఈ ఊరి ఎండ ఎముకల్లో ఇంకిపోయింది గనక. బట్ట ఉతికితే ఆరుతుంది, రాయి విసిరితే పడుతుంది అన్నట్టు.

లోపలికి ఉరికాడు. ఊటీ పోలీసులకు, అన్నిటికన్నా త్వరగా కలిసే లైట్నింగ్ ట్రంక్ కాల్ బుక్ చేశాడు.

పదకొండు గంటలకు మిల్లు ఆవరణలో అందరూ చేరారు. జయరాముడు. కోటు భుజాన వేసుకున్న శ్రీరంగప్ప. బేడీలతో లింగప్ప. గేటు దగ్గర చౌడమ్మ, హమాలీలు.

"ఊటీలో వానలు ఉన్న్యాయా సావుకారీ?" ఖలందర్ మొదలుపెట్టాడు.

"వానలా! పొద్దున పట్టుకుంటే రాత్రి దాకా తుంపర. మంచు. నాలుగడుగుల దూరంలో మనిషి కనపడడు. మీరు చూసింటే కదా!"

"నెలంతానా?"

"నెలంతా."

"మరి పంచె యాడ ఆరేసినావు?"

శ్రీరంగప్ప కోటు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"రూములోనే."

"నెలంతా తుంపర, మంచు. రూములో ఆరేసిన పంచె తెల్లారేసరికి గలగలమన్న్యాదా?"

హమాలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"నాలుగేళ్లు కొండల్లో ఉన్న్యా సావుకారీ. ఆడ పంచె ఆరదు, వాసన కొడతాది. చలిదేశంలో మనిషికి కోటు కన్నా పొడిబనియను ముఖ్యం. రెండు జతలతో ఒక వారం కూడా బతకలేవు. కోటు కొనుక్కున్న్యావు గానీ, ఊటీలో బతికే తెలివి ఏ అంగట్లో కొంటావు? పంచె రాత్రికి రాత్రి గలగలమనేది ఒకచోటే. ఈ గాలిలో. ఈ ఊర్లో."

జయరాముడు మొహం చిట్లించాడు. "పంచె ఆరిందని పెద్దమనిషిని ఖూనీలో ఇరికిస్తావా?"

"కంబళి ఉందని చిన్నమనిషిని ఇరికించలేదా సార్?"

జయరాముడు టోపీ సర్దుకున్నాడు.

"ఊటీ నుంచి ఫోనొచ్చింది," ఖలందర్ అన్నాడు. "ఈయన నెలకు అద్దె కట్టినాడు. ఒక్క రాత్రి పండుకున్న్యాడు. తాళం వేసి పోయినోడు మళ్లా కనపడలేదు. రామాంజులూ! నిన్న చెప్పబోయి మింగినావే, ఏందది?"

రామాంజులు ముందుకొచ్చాడు. "మిల్లు మిద్దె గదిలో దగ్గు సార్. తాళం బయటే ఉండాది. లోపల ఎవరో దగ్గుతాండ్రి. దయ్యమని తిప్పన్నే చెప్పినాడు. పైకి పోవద్దన్న్యాడు."

"గది ఎందుకు సోదా చెయ్యలేదు?" జయరాముడు గర్జించాడు.

"పెద్దమనిషి సొంత గది, ముట్టుకోవద్దని మీరే అంటిరి సార్."

తాళం పగలగొట్టారు. గది నిండా శనక్కాయల పొట్టు దుమ్ము, ఎర్రగా. కిటికీ నుంచి మేకు దాకా గోనెపురి దండెం. దాని మీద మరిచిపోయిన బనియను ఒకటి. తెల్లగా, మచ్చ లేకుండా. నెలనాళ్లు అక్కడే వేలాడి ఉంటే ఇటుకరంగు తిరిగేది.

నేల మీద దుమ్ములో మంచమంత చోటు మాత్రం శుభ్రంగా ఉంది. అంచుల వెంట నల్ల ఉన్నిపోగులు.

"కంబళి ఈడ పరుచుకున్న్యాడు," ఖలందర్ అన్నాడు. "గవర్నమెంటు కాయలు ఎప్పుడు దించుతాదో తెలీదు. దించేదాకా దాక్కున్న్యాడు. కూడూ నీళ్లూ మోసింది తిప్పన్నే. కానీ లారీలొచ్చిన రాత్రి అడ్డం పడింటాడు. వాడూ రైతే. విత్తనం కోసం ఎదురు చూస్తాండేవాడే. అవునా సావుకారీ?"

శ్రీరంగప్ప మొహాన చెమట పట్టింది. మఫ్లరు తీసి తుడుచుకున్నాడు. కళ్లలో భయం కన్నా అసహ్యమే ఎక్కువ.

"నా ఉప్పు తిన్నోడు! నా లారీకి అడ్డం పండుకున్న్యాడు! 'ఇవి రైతుల కాయలు సావుకారీ, నీవి కావు' అని నాకే చెప్తాడా?"

ఆ మాట చాలింది. మిగతాదంతా వాడే కక్కాడు. నేరం లింగప్ప మీదికి పోవాలనే శవం మీద ఆ కంబళి కప్పాడు. లారీలోనే పోయి, దారిలో దిగి, ఊటీ నుంచి వచ్చినట్టు ఎదురు బస్సు ఎక్కాడు. మూటలు ఇంకా పామిడిలో చుట్టం ఇంట్లోనే ఉన్నాయి. సాయంత్రానికి పట్టుకొచ్చారు.

లింగప్ప బేడీలు ఊడాయి. "నీ కంబళి ఇప్పుడు కేసు సొత్తు," ఖలందర్ చెప్పాడు. "అయిపోయినాక తీసుకుపో."

"వద్దు సామీ. చచ్చినోనికి కప్పింది. ఉండనీ. గొర్రెలుండాయి, బొచ్చు మళ్లా పెరుగుతాది."

చౌడమ్మ పోలీసులెవరికీ దండం పెట్టలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని నడిచిపోయింది.

రాత్రి లాకప్‌లోంచి శ్రీరంగప్ప పిలిచాడు.

"సాబ్! పంచె మాసిపోయింది. ఇంటికి మనిషిని పంపి ఇంకొకటి తెప్పించు."

ఖలందర్ నీళ్ల బకెట్టు తెచ్చి ఊచల ముందు పెట్టాడు.

"ఉతుక్కో సావుకారీ. ఆ ఊచలకు ఆరేసుకో. తెల్లారేసరికి గలగలమంటాది. ఇది ఊటీ కాదు."